కొలత ఇవ్వని అక్క

కృష్ణగిరిలో మేముండే వీధిలో నాకు పొగరుబోతని పేరుంది. రవికలు బాగానే కుడుతుందిగానీ ఎడ్డెమంటే తెడ్డెమనే రకం అని నా వెనక అనుకుంటారు, అప్పుడప్పుడు నా ముందే అంటారు. దీనికంతటికీ కారణం ఒకటే. కొత్త గుడ్డలో పాత రవిక చుట్టి పిల్లల చేత పంపిస్తే నేను తీసుకోను. అలాంటి పాతదాన్ని మా వైపు అళవు రవిక అంటారు. ఒంటికి సరిగ్గా కుదిరిన రవికను కొలతకి ఇస్తే, దాన్ని పరిచి, దాని ప్రకారం కొత్తది కత్తిరించి కుట్టేయడం. లోకమంతా అలాగే కుట్టించుకుంటుంది. ఆడవాళ్ళ ఒంటిమీద టేపు పెట్టే పని తప్పుతుంది కాబట్టి టైలర్లకీ సుఖం, ఆడవాళ్ళకీ మర్యాద. నేను మాత్రం మూట విప్పకుండానే వెనక్కి పంపి, మనిషిని రమ్మంటాను.

మొన్న ఎదురింటావిడ మూట అలాగే తిప్పి పంపాను. ఆవిడ వాకిట్లోకొచ్చి గట్టిగానే అడిగింది, ఊళ్ళో టైలర్లందరికీ పనికొచ్చే అళవు నాకెందుకు పనికిరాదని.  దానికి జవాబు చెప్పాలంటే హోసూరులో అక్క గురించి చెప్పాలి, అది వాకిట్లో నిలబడి చెప్పే మాట కాదు. ఆమె పోయి నాలుగేళ్ళు దాటింది, ఆ తర్వాతే మా ఆయనకి బదిలీ అయి ఇక్కడికి వచ్చాం. ఆవిడ కేకలేసి వెళ్ళాక సూది ముట్టబుద్ధి కాక కాగితం ముందేసుకున్నాను. అక్క పేరు మాత్రం రాయను. తన పేరు నలుగురి నోట్లో పడటం ఆమెకి బతికున్నన్నాళ్ళూ గిట్టేది కాదు.

నేను కాపురానికి హోసూరు వచ్చేటప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. మా ఆయనది తాలూకా కచేరీలో బంట్రోతు ఉద్యోగం. మా ఇంటికి మూడో ఇల్లు ఆమెది. వరసకి ఏమీ కాకపోయినా అందరిలాగే నేనూ అక్కా అన్నాను, రోడ్డు పనుల మేస్త్రీగా ఉన్న ఆమె భర్తని బావా అన్నాను. ఒక్క కొడుకు, బెంగుళూరులో మిల్లు పనిలో ఉండేవాడు. నేను వెళ్ళేనాటికి ఆమెకి నలభై నిండి ఉంటాయి. పొడుగు మనిషి, వెడల్పైన భుజాలు, మాట తక్కువ.

నేను చూసిన మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి పని చెప్పింది. నిప్పు కోసం వాళ్ళింటికి వెళ్ళాను. నా రవిక చేతి అంచు ఊడితే నేనే ఏదో గుచ్చి లాగాను, అది కాస్తా ముడతలు పడి ఉంది. ఆమె నా మొహం చూడలేదు, ఆ అంచు చూసింది. "ఈడ కూర్చో పాపా. అది విప్పు," అంది. అది మొత్తం విప్పేదాకా నన్ను లేవనివ్వలేదు. ఇంట్లో పొయ్యి రాజలేదని ఆ రోజు మా అత్త నన్ను బాగా కడిగేసింది.

అలా మొదలై, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె అరుగు మీద ఐదుగురం చేరేవాళ్ళం. అందరం కొత్త కోడళ్ళమే. మిషను లేదు. మా వీధిలోనే ఎవరికీ లేదు. సూది, నూలు ఉండ, ఒక కత్తెర, పాత గుడ్డల మూట, అంతే. ఆమె నేర్పిందంతా చేతి కుట్టే.

ఆమె పుట్టింటివాళ్ళు రాయకోట పక్కన గొర్రెలు కాసుకునేవాళ్ళు, కంబళ్ళు నేసేవాళ్ళు. కంబళి పూర్తి వెడల్పుగా మగ్గం మీద దిగదు. పట్టీలుగా నేసి, పక్కపక్కన పెట్టి, దబ్బనంతో కలిపి కుట్టాలి. ఎనిమిదేళ్ళ పిల్లగా వాళ్ళ నాయన పక్కన కూర్చుని ఆమె ఆ కుట్టు నేర్చుకుందట. అది ఊడితే వానలో గొర్రెల వెంట నిలబడ్డవాడి వీపు తడుస్తుంది. కుట్టంటే ఆమెకి అదీ లెక్క. చూడ్డానికి బాగుందా అన్న మాట ఆమె నోట నేను వినలేదు. వీపు తడుస్తుందా తడవదా, అంతే.

సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టేది. ఎక్కాక చిన్నగా వదిలేది. దారం మోచేతి నుంచి వేలికొస దాకా, మూరెడే తెంచాలి. మాటిమాటికీ ఎక్కించే బాధ తప్పుతుందని మేము బారెడు దారం పెట్టుకునేవాళ్ళం. నాలుగు కుట్లకోసారి అది చిక్కుపడి ముడి బిగిసేది. అప్పుడామె మా వైపు చూసి, తన సూదిని పైట భుజం దగ్గర గుచ్చుకుని, మా చిక్కు విప్పేదాకా చేతులు కట్టుకుని కూర్చునేది. ఆ చూపు కంటే తిట్టినా బాగుండేది.

కుట్టింది ఎలా ఉందో చూడమని ఇస్తే ఆమె కళ్ళతో చూసేది కాదు. కళ్ళు మూసుకుని, బొటనవేలితో అంచు పొడుగునా తడిమేది. వేలు ఆగకుండా చివరిదాకా పోతే గుడ్డ తిరిగి ఇచ్చేసేది. మధ్యలో ఎక్కడైనా ఆగిందంటే "విప్పు" అనేది. ఆ ఒక్క మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నామో చెప్పలేను. మాలో ఊత్తంగరై నుంచి వచ్చిన చిన్న కోడలు ఒకతె ఉండేది. ఒక దిండు గలీబు మూల నాలుగోసారి విప్పాల్సివచ్చి అది ఏడ్చేసింది. అక్క దాన్ని ఓదార్చలేదు. తను కుడుతున్న గుడ్డ మూల కూడా విప్పి, దాని పక్కన కూర్చుని, అదే మూల మళ్ళీ కుట్టింది. ఆ తర్వాత మాలో ఎవరమూ విప్పడానికి ఏడవలేదు.

మొదట సంచి కుట్టించింది. పాత పంచె రెండు మడతలు వేసి, పక్కలు కుట్టి, అడుగున రెండు మూలలూ లోపలికి నొక్కి అడ్డంగా ఒక్కో కుట్టు వేయించింది. ఆ రెండు కుట్లతో సంచికి అడుగు వస్తుంది, రాగులు పోసినా పక్కకి ఒరగకుండా కూర్చుంటుంది. ఆ తర్వాత దిండు గలీబులు. ఆ తర్వాత పసిబిడ్డల జుబ్బా. బిడ్డ పుట్టకముందు కొత్త గుడ్డ కత్తిరించకూడదని మా అందరి ఇళ్ళలోనూ ఉన్నదే, ఆమెకీ పట్టింపే. పుట్టాక, బాగా నలిగిన పాత పంచె తెచ్చి కత్తిరించేది. జుబ్బాకి కుట్లు పైకి రావాలనేది. మనకి కుట్టు లోపల ఉంటే అందం, బిడ్డకి అది ఒరుసుకుంటుంది, రాత్రంతా ఎందుకేడుస్తోందో తల్లికి తెలియదు అని చెప్పేది. నా ఇద్దరు పిల్లలూ ఆమె చెప్పినట్టు కుట్లు పైకి వేసిన జుబ్బాల్లోనే పెరిగారు. చూసినవాళ్ళు నేను తిరగేసి తొడిగానని నవ్వేవాళ్ళు.

ఆడపిల్లల లంగాలకి కింద అంచు పైన రెండు మడతలు వేయించేది, ఏటా ఒకటి విప్పుకుంటే మూడేళ్ళు వస్తుందని. చివరికి రవిక. ఒక్క రవిక నేర్పడానికి ఏడాది పట్టింది. చంకలో చదరపు ముక్క ఎందుకు వేయాలో చెప్పడానికి మా ఐదుగురినీ చేతులు పైకెత్తి నిలబెట్టింది. ముక్క వేయని రవికలన్నీ నడుము వదిలి పైకి లేచాయి. వీధిలో పోయేవాళ్ళు ఇదేం చోద్యమని ఆగి చూశారు, మేం సిగ్గుతో చచ్చాం.

అళవు రవిక మాట ఎత్తితే మాత్రం ఆమెకి మండుకొచ్చేది. "అది నిన్నటి ఒళ్ళు పాపా. నువ్వు ఈ పొద్దు మనిషికి కుడతా ఉండావు," అనేది. అంకెలు రావు కాబట్టి టేపు ఆమెకి పనికిరాదు. ఒక్కో మనిషికి ఒక్కో నూలు దారం తీసుకుని, రొమ్ము చుట్టూ తిప్పి ఒక ముడి, భుజం వెడల్పుకి ఒకటి, చెయ్యి చుట్టుకొలతకి ఒకటి, నడుముకి ఒకటి వేసేది. రవిక కుట్టిన ప్రతిసారీ కొత్త దారం. మూడు నెలల కిందటే కొలిచావు కదక్కా అంటే వినేది కాదు. పాత దారం పక్కన కొత్త దారం పెట్టి, ముడి ముడి పోల్చి చూసి, అప్పుడు పాతదాన్ని పారేసేది.

ఆ దారాలతో ఆమెకి మా సంగతులన్నీ తెలిసేవి. నాకు మొదటి బిడ్డ కడుపులో పడ్డప్పుడు మా అత్త కంటే ముందు ఆమె కనిపెట్టింది. ఊత్తంగరై చిన్నదానికి ఉగాదికి కొలిస్తే రొమ్ము ముడి దీపావళి ముడి కంటే రెండు వేళ్ళు లోపలికి వచ్చింది. అక్క ఏమీ అడగలేదు. మర్నాడు రాగి సంగటి, అనపగింజల పులుసు చేసుకుని, రుచి చూడమని వాళ్ళత్తకి పట్టుకెళ్ళింది. అత్తకి వడ్డించి, కోడలికి వడ్డించి, ఆ పిల్ల తినేదాకా అక్కడే కూర్చుంది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఎనిమిదో రోజున వాళ్ళత్త, మా ఇంట్లో గింజలు లేవనుకున్నావా అని మొహం మాడ్చుకుంది. లేకేం, నీ చేతి వంట నేనూ రుచి చూస్తా, ముగ్గురం కూర్చుందాం అందట అక్క. ఆ ఇంట్లో కోడలు వేళకి తినడం అప్పటి నుంచి మొదలైంది.

ఇంత పట్టింపున్న మనిషి తన కొలత మాత్రం ఎవరినీ తీయనివ్వలేదు. తన రవికలు తనే కుట్టుకునేది. ఒకసారి నేను దారం పట్టుకుని ఆమె భుజం మీద పెట్టబోతే నవ్వి, చెయ్యి తోసేసింది. ముసలి ఒంటికి కొలతలేమిటని తీసిపారేసింది. మేమూ నవ్వేసి ఊరుకున్నాం.

నేను హోసూరు వచ్చిన ఏడో ఏట, రాయకోటలో ఆమె తమ్ముడి కూతురి పెళ్ళి కుదిరింది. మా వీధి వీధంతటికీ పిలుపులు వచ్చాయి. పెళ్ళి ఇంకా మూడు వారాలుందనగా ఒక రోజు అక్క మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ మేమే వెళ్ళాలి, ఆమె రాదు. చేతిలో చిన్న మూట. ఎర్ర అంచు చీరకి తగ్గ రవిక గుడ్డ, దాని మధ్యలో ఆమె పాత రవిక.

"కన్ను సరిగా ఆనడం లేదు పాపా. పెండ్లికి నువ్వే కుట్టియ్యి. అళవు దాంట్లోనే ఉండాది," అంది.

నాకు వింతగా అనిపించింది. అళవు రవికంటే మండిపడే మనిషి తనే తెచ్చి ఇవ్వడమేమిటని అడగబోయాను. నోటిదాకా వచ్చింది, మింగేశాను. పెద్దది, పని నేర్పింది, నీ ఒళ్ళు కొలవనీ అని ఎలా అడగను అనుకున్నాను. ఇది సగం నిజం. మిగతా సగం కూడా దాచను. ఐదుగురిలో నన్ను ఎంచుకుందన్న సంతోషం నా నోరు కట్టేసింది. ఆమె వెళ్ళగానే ఆ మూట పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మిగతా నలుగురికీ ఏదో పని కల్పించుకుని వెళ్ళి మరీ చెప్పివచ్చాను.

తొమ్మిది మధ్యాహ్నాలు కుట్టాను. పాత రవికను నీళ్ళలో తడిపి, ఆరేసి, ముడత లేకుండా పరిచి, దాని మీద గుడ్డ వేసి కత్తిరించాను. ముందు పచ్చికుట్లు వేసి, సరిచూసుకుని, అప్పుడు అసలు కుట్టు వేశాను. కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమాను. ఎక్కడా ఆగలేదు. జీవితంలో నేను కుట్టిన మంచి రవిక అదేనని ఇప్పటికీ అనుకుంటాను. తీసుకెళ్ళి ఇస్తే ఆమె తడమలేదు. మడత విప్పకుండా పెట్టెలో పెట్టేసింది. అంత నమ్మకమా అని నేను ఉబ్బిపోయాను.

పెళ్ళినాడు రాయకోటలో, ఆడవాళ్ళందరం ఒక గదిలో ముస్తాబవుతుంటే ఆమె గోడ వైపు తిరిగి రవిక తొడుక్కుంది. కుడి చెయ్యి మోచేతి దగ్గర ఇరుక్కుపోయింది. ఎలాగో లాగి తొడుక్కుని ఇటు తిరిగేటప్పటికి భుజాల దగ్గర జారిపోతోంది, రొమ్ము మీద గుడ్డ ముడతలు పడి వేలాడుతోంది. ఆమె మరదలు నవ్వింది. ఊరంతటికీ కుట్టు నేర్పినదానివి, నీకెవరు కుట్టారమ్మా ఇట్ల, అని అడిగింది. అక్క రెండు భుజాల మీదుగా పైట కప్పుకుంది. మా వీధివాళ్ళంతా నా వైపు చూశారు. నాకు తల తీసేసినట్టయింది.

 పెళ్ళి నుంచి తిరిగొచ్చిన మర్నాడు వాళ్ళ వాకిట్లో దండెం మీద ఆ రవిక ఆరేసి ఉంది. కుడి చేతి కుట్టు పైనుంచి కిందికి మొత్తం విప్పేసి ఉంది. చింపలేదు, ఒక్కో కుట్టూ జాగ్రత్తగా తీసింది. విప్పు అన్న మాట నోటితో అనకుండా వీధిలో ఆరేసి మరీ చెప్పిందనుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

అళవు రవిక ఇంకా నా దగ్గరే ఉంది. కొత్త రవికకి ముడులు వేసుకున్న దారం కూడా ఉంది. ఆ దారంతో ఒక్కొక్కటే మళ్ళీ సరిచూసుకున్నాను. వెంట్రుకవాసి తేడా లేదు. తప్పు నాది కాదని తేలాక నాకు కోపం ఇంకా పెరిగింది. కుళాయి దగ్గర ఆమె ఎడమచేత్తో బిందె ఎత్తుకుంటుంటే దగ్గరికి వెళ్ళి, నేను అళవు ప్రకారమే కుట్టానని చెప్పాను. ఆమె బిందె కింద పెట్టింది.

"తప్పు నీది కాదు పాపా. అళవు పాతదైపోయింది," అంది.

ఆ మాటతో ఆమె చెప్పవలసిందంతా చెప్పేసింది. కుడిచేతి మనిషి ఎడమచేత్తో బిందె ఎత్తుతోంది, అదీ నా కళ్ళ ముందే జరుగుతోంది. నేనేమీ చూడలేదు. నాకు నా కుట్టే కనిపిస్తోంది. పాత అళవని తెలిసి ఎందుకిచ్చింది, పదిమందిలో నన్నెందుకు నవ్వులపాలు చేసింది, అదే నా గోల. ఆ రోజు నుంచి అరుగు మీదికి వెళ్ళడం మానేశాను. పిల్లలకి జ్వరమన్నాను, అత్తకి ఒంట్లో బాగాలేదన్నాను. మిగతా నలుగురూ అరుగు మీద చేరడం కూడా తగ్గిపోయిందని విన్నాను. కన్ను ఆనడం లేదని ఆమే వద్దంటోందట. రెండు నెలలు ఆమె గుమ్మం తొక్కలేదు. మూడిళ్ళ దూరం.

ఒక మధ్యాహ్నం బావ మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "మీ అక్క నిన్ను రమ్మంటా ఉండాదమ్మా. దారం తీసుకొని రమ్మనింది," అన్నాడు. నేను వెంటనే బయల్దేరాను. చివరికి తనే దిగొచ్చిందని నాలో నేను సంబరపడ్డాను కూడా. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

లోపలి గదిలో కంబళి కప్పుకుని గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చలికాలం ఇంకా రాలేదు. తలుపు వేసి రమ్మంది. వేశాను. "ఇప్పుడు తీయి అళవు," అని కంబళి దించింది. రవిక లేదు.

కుడి రొమ్ము బిగుసుకుని లోపలికి గుంజుకుపోయి ఉంది. పక్కన పుండు. పుండు మీద ఉడకబెట్టిన మెత్తటి పంచె గుడ్డ, నాలుగు పక్కలా అంచు మడిచి కుట్టిన గుడ్డ. ఆ స్థితిలో కూడా అంచు కుట్టకుండా గుడ్డ వాడలేదు ఆమె. కుడి చెయ్యి భుజం నుంచి వేళ్ళ దాకా వాచిపోయి ఉంది. మిగతా మనిషంతా ఎముకలే. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఏడ్చేది ఆమీట ఏడ్చు. బెంగుళూరు పెద్దాసుపత్రికి పోవాలంట. నలుగురు డాక్టర్ల ముందర నేను రవిక లేకుండా కూసోలేను. ఈ చెయ్యి ఎత్తలేను. ఎత్తకుండా తొడిగేట్టు ఒకటి కుట్టియ్యి," అంది.

నూలు దారం తీసుకుని ఆమె భుజం మీద పెట్టాను. ఏడేళ్ళలో మొదటిసారి. మొదటి ముడి పడకుండా జారింది. ఆమె ఎడమచేత్తో దారం కొస పట్టుకుని ఆపింది. పాత రవిక కంటే భుజం ఇటు రెండు వేళ్ళు, అటు రెండు వేళ్ళు తగ్గిపోయింది. కుడి చెయ్యి ఎడమ చేతికి రెట్టింపు ఉంది. ముడి వేసినప్పుడల్లా పెళ్ళిలో ఆ రవిక ఎందుకు వేలాడిందో, ఎందుకు ఇరుక్కుందో, ఆ చేతి కుట్టు ఆమె ఎందుకు విప్పుకోవాల్సివచ్చిందో నాకు తెలిసివచ్చింది. రొమ్ములో గడ్డ చేతికి తగిలి ఏడాది పైనే అయిందని, మొదట చింతగింజంత ఉండేదని ఆమే చెప్పింది. బావకి కూడా చెప్పలేదు. పెళ్ళికి రవిక గుడ్డ నాకు ఇచ్చిన రోజుకి చెయ్యి లాగడమేగానీ ఇంతగా వాయలేదట. ఎవరితో చెప్పను, ఏమని చెప్పను పాపా, అంది. ఊళ్ళో ఆడవాళ్ళందరి ఒళ్ళూ దారంతో చదివిన మనిషి.

రెండు మధ్యాహ్నాలు ఆమె పక్కనే కూర్చుని కుట్టాను. కుడి పక్కకి కుట్టు లేకుండా, భుజం పైనుంచి చేతి కొసదాకా, చంక నుంచి నడుము దాకా అంతా తెరిచే ఉంచి, అంచులు మడిచి, బెత్తెడుకొకటి చొప్పున గుడ్డ నాడాలు పెట్టాను. పడుకున్న మనిషికైనా చెయ్యి కదపకుండా కప్పి కట్టేయవచ్చు. కుట్లన్నీ పైకి వేశాను.  అయ్యాక చేతికిచ్చాను. కళ్ళు మూసుకుని ఎడమ బొటనవేలితో తడిమింది. మెడ దాటింది, వీపు దాటింది, ఎడమ భుజం దగ్గర వేలు ఆగింది.

"విప్పు," అంది.

విప్పి మళ్ళీ కుట్టాను. నా కన్నీళ్ళు గుడ్డ మీద పడుతుంటే, మరక పడుతుంది జరుపుకో అంది. రెండోసారి వేలు ఆగలేదు. ఆ రవిక తొడిగి, నాడాలు కట్టి, పైట సర్దాను. ఆమె ఒకసారి వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. పెళ్ళిలో పోయిన ఆమె మర్యాద ఆ కాస్సేపు తిరిగి వచ్చినట్టే ఉంది. నాకు అంతకంటే ఇవ్వడానికి ఏమీ లేదు.

బెంగుళూరులో డాక్టర్లు కోయడానికి లేదన్నారు. ఏడాది ముందు వచ్చి ఉంటే వేరే మాట అన్నారట. పది రోజులకి తీసుకొచ్చేశారు. ఆ తర్వాత ఆరు వారాలు ఉంది. ఐదుగురం వంతులు వేసుకుని చూసుకున్నాం. ఊత్తంగరైదే సంగటి చేసి, జావలా పలచన చేసి, ఆమె మింగేదాకా పక్కన కూర్చునేది. నేను అలాంటి నాడాల రవికలు ఇంకో రెండు కుట్టాను, మార్చి మార్చి తొడగడానికి. రోజూ అడుగుదామనుకునేదాన్ని, ఐదుగురిలో నాకే ఎందుకిచ్చావక్కా ఆ పెళ్ళి రవిక అని. ఆమె నొప్పి చూసి అడగలేకపోయాను. చలి ముదిరిన ఒక తెల్లవారుజామున పోయింది. నీళ్ళు పోశాక నాడాలు నేనే కట్టాను.

పదకొండో రోజు కార్యమై బంధువులందరూ వెళ్ళిపోయాక, గిన్నెలు సర్ది నేను బయల్దేరుతుంటే బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒక నిమిషం ఉండమన్నాడు. మాట్లాడటం అలవాటు లేని మనిషి, చేతులు నలుపుకుంటూ మొదలుపెట్టాడు.

"మీ అక్క నిన్ను ఎంత మెచ్చుకునేదో నీకు తెల్దమ్మా. ఆస్పత్రిలో చెప్పింది నాకు. ఆ పెండ్లి రవిక ఎవరికిచ్చేదని శానా దినాలు ఆలోచన చేసిందంట. మిగిలినోళ్ళకిస్తే నూరు ప్రశ్నలు అడుగుతారు, అళవు తీస్తామని పట్టుబడతారు, ఆ పాప మర్యాద తెల్సిన బిడ్డ, ఏమీ అడగదు, అని నీకిచ్చిందంట," అన్నాడు.

ఆయన నన్ను సంతోషపెట్టడానికే చెప్పాడు. ఆమె కూడా మంచి మాటగానే అని ఉంటుంది. నేను సరేనని తల ఊపాను. ఆయన దగ్గర సెలవు తీసుకుని ఇంటికి వచ్చేశాను. అప్పుడు కూడా నేనేమీ అడగలేదు.